వ్యర్థమనదగునా?

లోకంలో దేనికైనా పేరు పెట్టడం సులభం. పెట్టిన పేరును వెనుకకు తీసుకోవడం కష్టం. ఊరిలో ఒక మనిషికి తగిలించిన ఎగతాళి పేరు అతని మనుమల కాలం దాకా నిలిచిపోవడం మనమెరుగుదుము. విజ్ఞానశాస్త్రం కూడా ఈ దోషానికి అతీతం కాదు. జీవకణంలోని డి.ఎన్.ఏ.లో అధిక భాగానికి గత శతాబ్దిలో 'వ్యర్థ డి.ఎన్.ఏ.' అన్న పేరు వచ్చింది. ఆ పేరు గ్రంథాలకెక్కింది, పరీక్షా పత్రాలకెక్కింది, విద్యార్థుల నోటికెక్కింది. ఆ భాగాన్ని చాలామట్టుకు ఆక్రమించుకొని ఉన్నవి చలన మూలకాలు. అనగా, ఒక చోటి నుండి మరొక చోటికి కదలగలిగినవి, లేదా తమ నకళ్ళను మరొక చోట నాటగలిగినవి. వీటిలో కొన్ని, మన దేహంలోను మన పొలంలోని వరిలోను రోగాన్ని ఎదిరించే జన్యువులను మేల్కొలిపే పనిలో, నిద్రపుచ్చే పనిలో పాలుపంచుకుంటున్నవని ఇటీవలి దశాబ్దాల పరిశోధనలు నిరూపించినవి. కనుక 'వ్యర్థ' మన్న ఆ విశేషణాన్ని మన తరగతి గదులలో ఇకనైనా విడిచిపెట్టాలన్నది మా అభిప్రాయం. దాని స్థానంలో 'సర్వమూ ఉపయోగకరమే' అన్న మరొక తొందరపాటు మాటను తెచ్చి పెట్టరాదన్నది కూడా మా అభిప్రాయమే.

భాష బోధించేవారికి జీవశాస్త్రంతో ఏమి పని అని మిత్రులు ప్రశ్నింపవచ్చును. పని ఉన్నది. ఒక పదం తప్పుగా స్థిరపడితే దాని వెంట ఆలోచన కూడా తప్పుదారి పడుతుంది. పదాలను తూచి చూడడం మా వృత్తిధర్మం. అంతకు మించిన కారణం మరొకటి కలదు. మన విద్యార్థులలో అనేకులు తొర్రూరు చుట్టుపట్ల గ్రామాల రైతు కుటుంబాల నుండి వచ్చినవారు. వరి, మొక్కజొన్న, మిరప, పత్తి వారి ఇళ్ళకు బ్రతుకుతెరువులు. తెగులు తగిలిన ఏడు ఇంటిలో ఏమి జరుగుతుందో వారికి మేము చెప్పవలసిన పనిలేదు. రోగనిరోధక శక్తిని గూర్చిన ఈ క్రొత్త విజ్ఞానం మహానగరాలలోని పరిశోధనాలయాల గోడల మధ్యనే ఉండిపోతే నష్టపోయేది వీరే.

ఒకే గ్రంథం, వేరువేరు పఠనాలు

మన దేహంలోని దాదాపు ప్రతి కణంలోను ఒకే డి.ఎన్.ఏ. గ్రంథం ఉన్నది. నాలుగే అక్షరాలతో కూర్చిన ఆ గ్రంథం పొడవు సుమారు 300 కోట్ల అక్షరాలు. మాంసకృత్తుల తయారీకి సూచనలిచ్చే జన్యువులు దాదాపు 20,000. ఆ సూచనలు ఆక్రమించే స్థలం మొత్తంలో రెండు శాతానికి మించదు. కంటిలోని కణానికీ, కాలేయంలోని కణానికీ గ్రంథం ఒక్కటే అయినా, అది చదివే పుటలు వేరు, ఇది చదివే పుటలు వేరు. ఏ జన్యువును ఏ కణంలో, ఏ సమయాన, ఎంత మోతాదులో చదవాలన్న ఏర్పాటునే జన్యు వ్యక్తీకరణ నియంత్రణ అంటారు. జన్యువుకు కాస్త ముందుగానో, కొంత దూరానో ఉండే చిన్న చిన్న అక్షర సముదాయాలు ఈ నియంత్రణకు మీటల వంటివి. కణంలోని కొన్ని ప్రత్యేక మాంసకృత్తులు వచ్చి ఆ మీటలపై వాలినప్పుడు జన్యువు పనిలోకి దిగుతుంది, లేదా పని మానుకుంటుంది.

రోగనిరోధక జన్యువుల విషయంలో ఈ మీటల ప్రాముఖ్యం మరింత ఎక్కువ. వైరస్ ప్రవేశించిన కొన్ని గంటలలోనే వందల జన్యువులు ఒక్కుమ్మడిగా మేల్కొనవలెను. శత్రువు తొలగిన పిమ్మట అవన్నీ శాంతించవలెను. మేల్కొనకపోతే రోగం గెలుస్తుంది. శాంతించకపోతే దేహం తన అవయవాలపైననే దాడి చేస్తుంది. రుమటాయిడ్ కీళ్ళవాతం వంటి వ్యాధులు ఈ రెండవ విపత్తుకు నిదర్శనాలు. అన్ని చోట్ల ఉన్న అన్ని జన్యువులకు ఒకే పిలుపు ఒకేసారి వినిపించాలంటే, ఒకే రకపు మీట అనేక జన్యువుల దగ్గర ఉండవలెను. అటువంటి మీట అన్ని చోట్లకు ఎట్లా చేరినది? ఈ ప్రశ్నకు సమాధానంలోనే మన కథ ఉన్నది.

మొక్కజొన్న చెప్పిన సంగతి

డి.ఎన్.ఏ. గ్రంథంలోని కొన్ని భాగాలు తమ చోటు తామే మార్చుకుంటాయని మొదట లోకానికి చెప్పినది ఒక మహిళ. ఆమెకు చెప్పినది మొక్కజొన్న కంకి. 1902లో అమెరికాలో జన్మించిన బార్బరా మెక్లింటాక్, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనాలయంలో 1940వ దశకంలో మొక్కజొన్న గింజల మీది రంగు చుక్కలను, చారలను ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఒకే గింజపై ఒకచోట రంగు ఉండి, పక్కనే రంగు లేకుండా పోవడానికి కారణమేమి? రంగునిచ్చే జన్యువులోనికి ఒక మూలకం వచ్చి కూర్చుంటే రంగు నశిస్తుంది. గింజ పెరుగుతున్న దశలో ఏదో ఒక కణంలో ఆ మూలకం లేచిపోతే, ఆ కణం సంతతిలో రంగు తిరిగి వస్తుంది. మనకు కనిపించే చుక్క అదే. తన పరిశోధనను ఆమె 1951లో విద్వత్సభలో వివరించినప్పుడు విన్నవారిలో అత్యధికులు ఆదరించలేదు. ముప్పది రెండేళ్ళ తరువాత, 1983లో, తన ఎనభై ఒకటవ ఏట ఆమెకు నోబెల్ బహుమానం లభించింది.

విద్యార్థులు ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి కలదు. మెక్లింటాక్ ఆ మూలకాలకు పెట్టిన పేరు 'నియంత్రణ మూలకాలు'. అవి కదులుతాయన్న దానికంటె, ఇతర జన్యువుల పనిని నియంత్రిస్తాయన్నదే ఆమె దృష్టిలో ముఖ్యం. లోకం మాత్రం కదలికను స్వీకరించి, నియంత్రణను చాలాకాలం ప్రక్కన పెట్టింది. 2009లో మొక్కజొన్న డి.ఎన్.ఏ.ను పూర్తిగా చదివినప్పుడు అందులో దాదాపు 85 శాతం ఈ చలన మూలకాల సంతతే అని తేలింది. మన పొలాల గట్ల మీద నిలబడి మనం చూచే ఆ పైరు ఒంటినిండా వలసల చరిత్రే.

చలన మూలకాలలో రెండు ముఖ్యమైన తెగలున్నవి. ఒక తెగ ఉన్నచోటు నుండి ఊడి మరొక చోట నాటుకుంటుంది. వరి నారును మడి నుండి పీకి పొలంలో నాటినట్లు. రెండవ తెగ ఉన్నచోటనే ఉండి, ఆర్.ఎన్.ఏ. రూపంలో తన నకలును వ్రాయించి, దానిని తిరిగి డి.ఎన్.ఏ.గా మార్పించి వేరొకచోట ప్రతిష్ఠిస్తుంది. మర్రిచెట్టు తాను నిలిచి ఊడలను దింపినట్లు. రెండవ తెగలో కొన్ని ఒకప్పుడు మన పూర్వజీవుల కణాలలో ప్రవేశించిన వైరస్‌ల అవశేషాలు. 2001లో ప్రకటితమైన మానవ డి.ఎన్.ఏ. ముసాయిదాలో ఇటువంటి మూలకాల వాటా దాదాపు 45 శాతమని, ప్రాచీన వైరస్‌ల అవశేషాలే సుమారు 8 శాతమని లెక్క తేలింది.

ఇంతటి భాగానికి ఆ అవమానకరమైన పేరు ఎట్లా వచ్చినది? 1969లోనే రాయ్ బ్రిటన్, ఎరిక్ డేవిడ్‌సన్ అను శాస్త్రజ్ఞులు, పునరుక్తమయ్యే ఈ అక్షర సముదాయాలు అనేక జన్యువులను ఒకేసారి నడిపించే సాధనాలు కావచ్చునని ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. కాని 1972లో సుసుము ఓనో ఉపయోగించిన 'వ్యర్థ డి.ఎన్.ఏ.' అన్న మాట అంతకంటె ఎక్కువ ప్రచారం పొందింది. 1980లో ఫ్రాన్సిస్ క్రిక్ వంటి ప్రముఖులు ఈ మూలకాలను 'స్వార్థ డి.ఎన్.ఏ.' అన్నారు, తమ సంతతిని పెంచుకోవడం తప్ప వాటికి వేరే పని లేదని వారి వాదం. ఆ వాదంలో సత్యం లేకపోలేదు. కాని స్వార్థంతో వచ్చినది తరువాత ఎప్పటికీ ఉపయోగపడదన్న నిర్ణయం తర్కానికి నిలువదు.

ఆగమమా, ఆదేశమా?

వ్యాకరణ తరగతిలో మేము ఏటేటా చెప్పే పాఠం ఈ సందర్భంలో గుర్తుకు వస్తున్నది. రెండు పదాల నడుమ ఒక క్రొత్త అక్షరం వచ్చి చేరడం ఆగమం. ఉన్న అక్షరాన్ని తొలగించి మరొకటి ఆ స్థానంలో కూర్చోవడం ఆదేశం. ఆగమం మిత్రునివలె వస్తుందని, ఆదేశం శత్రువువలె వస్తుందని పెద్దలు పోలిక చెప్పారు. 'మా అమ్మ' మాయమ్మ అయినప్పుడు యకారం వచ్చి చేరింది. అమ్మకు గాని మనకు గాని నష్టం లేదు, ఉచ్చారణ సుగమమయింది. 'తల్లి, తండ్రి' తల్లిదండ్రులైనప్పుడు తకారాన్ని తొలగించి దకారం కూర్చున్నది.

చలన మూలకం రాక కూడా ఈ రెండు విధాలుగానే ఉంటుంది. జన్యువు నడుమకు చొచ్చుకొని వచ్చినప్పుడు అది ఉన్న అర్థాన్ని చెరుపుతుంది. హేగ్ కజాజియన్ బృందం 1988లో ఇద్దరు హిమోఫీలియా రోగులలో ఇదే చూచింది. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన జన్యువులో ఒక చలన మూలకం వచ్చి కూర్చున్నందువల్ల వారికి ఆ వ్యాధి వచ్చింది. అదే మూలకం జన్యువుకు కొంచెం ఎడంగా, మీటలుండే తావులో చేరినప్పుడు ఉన్నది చెడకుండా ఒక క్రొత్త పలుకుబడి సమకూరవచ్చును. అయితే భాషలో ఆగమం నియమం ప్రకారం వస్తుంది. ఇక్కడ రాకకు నియమం లేదు. వచ్చిన వేలాదిలో మిత్రులైనవాటిని నిలిపేది ప్రకృతివరణం.

దేహపు కోటలో

మానవ దేహంలో ఈ మైత్రికి చక్కని నిదర్శనం 2016లో వెలువడింది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ చువాంగ్, నెల్స్ ఎల్డి, సెడ్రిక్ ఫెషోట్ దీనిని నిరూపించారు. దానిని అర్థం చేసుకోవాలంటే ముందు ఇంటర్‌ఫెరాన్ సంగతి తెలియవలెను. సూక్ష్మజీవి దాడి చేసినప్పుడు దేహకణాలు విడుదల చేసే హెచ్చరిక పదార్థాలే ఇంటర్‌ఫెరాన్‌లు. 1957లో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ వీటిని కనుగొన్నారు. ఈ హెచ్చరిక అందుకున్న కణంలో కొన్ని మాంసకృత్తులు కేంద్రకంలోనికి వెళ్ళి నిర్దిష్టమైన మీటలపై వాలుతవి. ఆ మీటల ఆధీనంలోని రక్షణ జన్యువులు మేల్కొంటవి.

ఆ మీటలలో కొన్ని ఎక్కడివని వారు వెదికారు. సుమారు నాలుగున్నర కోట్ల నుండి ఆరు కోట్ల సంవత్సరాల క్రిందట మన వానరజాతి పూర్వీకుల కణాలలో ప్రవేశించిన ఒక వైరస్ అవశేషాలుగా అవి తేలినవి. ఆ అవశేషానికి శాస్త్రజ్ఞులు పెట్టిన గుర్తు ఎం.ఇ.ఆర్.41. ఇటువంటి ఒక అవశేషం ఎ.ఐ.ఎం.2 అను జన్యువు సమీపంలో ఉన్నది. కణంలో ఉండరాని చోట పరాయి డి.ఎన్.ఏ. కనిపించినప్పుడు కేక పెట్టే కావలివాడు ఆ జన్యువు. పరిశోధకులు ప్రయోగశాలలోని మానవ కణాలలో ఆ వైరస్ అవశేషాన్ని మాత్రమే కత్తిరించి తీసివేశారు. జన్యువును తాకలేదు. అయినా ఇంటర్‌ఫెరాన్ హెచ్చరిక అందినప్పుడు ఆ జన్యువు పూర్వం వలె మేల్కొనలేదు. వైరస్‌కు ఎదురు నిలిచే ప్రతిక్రియ క్షీణించింది. ఒకనాడు కోటపైకి దండెత్తి వచ్చినవాని వారసుడే ఈనాడు బురుజు మీద నగారా మ్రోగిస్తున్నాడన్నమాట. పైగా అటువంటి అవశేషాలు గ్రంథమంతటా చెల్లాచెదురుగా ఉండడం వల్లనే, ఒకే పిలుపునకు అనేక జన్యువులు స్పందించే ఏర్పాటు కొంతవరకు సాధ్యమయింది. 1969 నాటి సిద్ధాంతం తలచిన బాట ఇదే.

మీటలే గాక, మన రోగనిరోధక వ్యవస్థలోని ఒక ప్రధాన యంత్రం కూడా చలన మూలకాల నుండి వచ్చినదే. లక్షలాది రకాల ప్రతిదేహాలను తయారుచేయడానికి మన తెల్లకణాలు జన్యుఖండాలను కత్తిరించి వేరువేరు విధాలుగా అతుకుతవి. ఈ కూర్పు విధానాన్ని వెల్లడించిన సుసుము టొనెగావాకు 1987లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ కత్తిరింపు చేసే ఆర్.ఎ.జి. మాంసకృత్తులు ప్రయోగశాలలో చలన మూలకపు పనివానివలె ప్రవర్తింపగలవని 1998లో రెండు పరిశోధక బృందాలు చూపినవి.

వెలుపలి నుండి వచ్చినది రక్షణ సాధనం కావడం భాషలో మనకు క్రొత్త సంగతి కాదు. 'హక్కు' అరబ్బీ నుండి వచ్చింది. 'ఫిర్యాదు' పారసీకం నుండి వచ్చింది. 'వకీలు', 'జామీను' కూడా వెలుపలివే. అన్యాయం జరిగినప్పుడు తెలుగువాడు తన్ను తాను కాపాడుకోవడానికి నోరు విప్పితే ఈ మాటలే ముందు వస్తవి. అంతెందుకు, 'రైతు' అన్న మాట కూడా అరబ్బీ మూలం కలదే. దానిని పరాయిదని ఏ తెలుగు పల్లె త్రోసివేయగలదు?

మన పొలాలలో

మొక్కకు తెల్లకణాలు లేవు, ఇంటర్‌ఫెరాన్ లేదు. అయినా దానికీ రోగనిరోధక జన్యువులున్నవి, వాటికి మీటలున్నవి. వరికి అగ్గి తెగులు ఎంతటి శత్రువో మన విద్యార్థులకు తెలుసు. ఆకుపై నూలుకండె ఆకారపు మచ్చతో మొదలై, వెన్ను తీసే వేళకు మెడ విరుపుగా మారి, చేతికందిన పంటను తాలుగా మారుస్తుంది. ఈ తెగులును ఎదిరించే జన్యువులలో 'పిట్' ఒకటి. జపాన్ దేశపు పరిశోధకులు హయాషి, యోషిదా 2009లో దీని రహస్యాన్ని బయటపెట్టారు. తెగులుకు లొంగే నిప్పన్‌బారే అను వరి రకంలో కూడా ఈ జన్యువు ఉన్నది. కాని మందకొడిగా ఉన్నది. తెగులును తట్టుకునే కె59 అను రకంలో ఆ జన్యువుకు ముందర ఒక చలన మూలకం వచ్చి చేరి, మీటకు బలమిచ్చి, జన్యువును మేల్కొలిపింది. ఆ మూలకానికి వారు 'రెనొవేటర్' అని పేరు పెట్టారు; పాత ఇంటిని బాగుచేసేది అని దాని అర్థం.

రెండవ ఉదాహరణ మరింత సూక్ష్మమైనది. నిరోధక శక్తి ఎప్పుడూ మేల్కొని ఉంటే మొక్క బలమంతా కాపలాకే ఖర్చయి గింజ తగ్గుతుంది. చైనా పరిశోధకులు గూమెయ్-4 అను వరి రకంలోని 'పిగ్మ్' అను జన్యుసముదాయాన్ని పరిశీలించి 2017లో ఈ సమస్యకు ప్రకృతి కనుగొన్న పరిష్కారాన్ని వివరించారు. ఆ సముదాయంలో ఒక జన్యువు అగ్గి తెగులును ఎదిరిస్తుంది, కాని గింజ బరువును తగ్గిస్తుంది. దాని సోదర జన్యువు ఆ ప్రతాపాన్ని అణచి దిగుబడిని నిలబెడుతుంది. ఈ సోదర జన్యువు ఆకులో కూడా పనిచేస్తే తెగులుదే గెలుపు. అందువల్ల అది పుప్పొడిలోను, వెన్నులోను మాత్రమే గట్టిగా పనిచేసి మిగిలినచోట్ల మౌనంగా ఉంటుంది. ఆ మౌనానికి కారణం దాని మీటలో కూర్చున్న రెండు చిన్న చలన మూలకాలు. కణం ఆ మూలకాలపై రసాయనిక ముద్ర వేసి వాటిని అణచి ఉంచుతుంది. వాటితోపాటు పక్కనున్న జన్యువు కూడా అణగి ఉంటుంది. కాపలా, కాపు రెండూ దక్కినవి.

ఇక మన రాష్ట్రాల సంగతి. బాపట్ల నుండి 1986లో విడుదలయిన సాంబమసూరి, అనగా మన రైతులు బీపీటీ 5204 అని పిలిచే సన్నబియ్యం, రుచికి పేరుపొందినా బాక్టీరియా ఎండాకు తెగులుకు సులభంగా లొంగేది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన డైరెక్టరేట్, అనగా నేటి భారతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు కలిసి దానిలోనికి మూడు నిరోధక జన్యువులను సంప్రదాయ సంకరణం ద్వారానే ప్రవేశపెట్టారు. మేలైన సాంబమసూరి 2008లో విడుదలయింది. ఆ మూడింటిలో ఎక్స్‌ఏ21 ఆఫ్రికా ఖండపు అడవి వరి నుండి వచ్చినది. ఈ జన్యువు కుటుంబ సభ్యులను పరిశీలించిన పామెలా రోనాల్డ్ బృందం, వాటి చుట్టుపట్ల చలన మూలకాల వంటివి 14 ఉన్నట్లు 1998లో గుర్తించింది. ఆ కుటుంబంలోని ఒక జన్యువును ఒక చలన మూలకం నడుమనే తుంచివేసింది. ఆ తునక కూడా కొంతవరకు తెగులును ఆపుతూనే ఉన్నది.

మిగిలిన రెండు జన్యువులలో ఎక్స్‌ఏ13 కథ మరొక పాఠం. మామూలు వరిలో ఈ జన్యువు మీటను తెగులు క్రిమి తానే వచ్చి నొక్కి, మొక్కను తనకు ఆహారం పెట్టే దాసిగా చేసుకుంటుంది. నిరోధక రకంలో ఆ మీట అమరిక మారి ఉండడం వల్ల క్రిమి చేయి అందదు. ఇది చలన మూలకం పని అని మేము చెప్పడం లేదు. జన్యువులో లేని రక్షణ జన్యువు ముంగిట ఉండవచ్చునన్నదే ఇక్కడి పాఠం. ఆ ముంగిటనే ఇన్నాళ్ళు మనం చెత్తకుప్ప అన్నాము.

మన ప్రాంతపు ప్రాణప్రదమైన మిరపలోను ఇదే జాడ. మిరప డి.ఎన్.ఏ.లో నాలుగింట మూడు పాళ్ళకు పైగా చలన మూలకాలే. మిరపలోని రోగనిరోధక జన్యువులు అంతగా పెరిగి విస్తరించడానికి ఈ మూలకాల నకలు వ్రాసే యంత్రాంగమే ఒక ముఖ్యకారణమని 2017లో కొరియా పరిశోధకులు చూపారు.

రెండవ తొందరపాటు

ఇంతవరకు చదివి, సృష్టిలో వ్యర్థమన్నదే లేదని కొందరు నిశ్చయింపవచ్చును. అది కూడా తొందరపాటే. మన దేహంలోని చలన మూలకాలలో అత్యధిక భాగం ఏనాడో శిథిలమై కదలిక కోల్పోయినవి. వాటిలో ప్రతిదానికీ ఒక ప్రయోజనం ఉన్నదనడానికి ఆధారం లేదు. 2012లో ఎన్‌కోడ్ అను అంతర్జాతీయ పరిశోధక సముదాయం మానవ డి.ఎన్.ఏ.లో 80 శాతానికి జీవరసాయనిక క్రియ ఉన్నదని ప్రకటించినప్పుడు, ఏదో ఒక క్రియ ఉండడం వేరు, ప్రయోజనం ఉండడం వేరు అని పలువురు విమర్శించారు. ఆ విమర్శ న్యాయమైనది. ఊరిలో ప్రతి చప్పుడూ పిలుపు కాదు.

మిత్రత్వం కూడా షరతులతో కూడినదే. కణం ఈ మూలకాలను రసాయనిక ముద్రలతో అనుక్షణం అదుపులో ఉంచుతుంది. ఆ అదుపు సడలితే, వాటి నుండి పుట్టే అక్షరమాలలను దేహం వైరస్‌గా పొరబడి తనపై తానే యుద్ధం ప్రకటించే ప్రమాదమున్నది. అందువల్ల మా వాదం మధ్యేమార్గం. ఏది పనిచేస్తున్నదో పరీక్షించి తెలుసుకోవలెను. తెలియనంతవరకు దానికి 'తెలియనిది' అని పేరు పెట్టవలెను. 'వ్యర్థ' మన్నది ఒక తీర్పు. విచారణ ముగియక ముందే తీర్పు చెప్పరాదు.

ఈ సంయమనం వల్ల లాభమేమిటో హైదరాబాదులోనే చూడవచ్చును. సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ కట్లపాము డి.ఎన్.ఏ.లోని పునరుక్త అక్షర సముదాయాలపై పనిచేసి, వాటి సాయంతో మన దేశంలో డి.ఎన్.ఏ. వ్రేలిముద్రల పద్ధతికి పునాది వేశారు. ఇవి చలన మూలకాలు కావు. కాని ఇవి కూడా నిరర్థకమన్న ముద్ర మోసినవే. అటువంటి పునరుక్తాలు ఒక మీట ప్రభావం పొరుగు జన్యువుపై పడకుండా ఆపే గట్లుగా పనిచేయగలవని అదే పరిశోధనాలయం నుండి 2013లో వెలువడిన పరిశోధన తెలిపింది. నిరర్థకమని వదిలివేసి ఉంటే ఈ రెండూ మనకు దక్కేవి కావు.

మన కర్తవ్యం

ఈ విషయం మన కళాశాలను ఎట్లా తాకుతుందో చెప్పి ముగిస్తాము. ఒక వరి రకంలో చలన మూలకాలు కూర్చున్న తావులు మరొక రకంలో ఉండవు. కె59లో ఉన్న మీట నిప్పన్‌బారేలో లేదు. కనుక ఒక పాత రకం పూర్తిగా నశించినప్పుడు దాని గింజతోపాటు మనకింకా తెలియని మీటలు కూడా నశిస్తవి. చిట్టిముత్యాలు వంటి దేశవాళీ వరి రకాలను దిగుబడి తక్కువని విడిచిపెట్టిన ఇళ్ళు మన మండలంలో లేవా? రైతును మేము తప్పుపట్టము. అప్పు తీర్చవలసినవానికి దిగుబడి కావలెను. గుప్పెడు విత్తనాన్ని దాచి ఉంచడం మాత్రం చదువుకున్నవారి బాధ్యత. వరంగల్ చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించిందంటే, ఇతరులు విడిచినా ఆ విత్తనాన్ని విడువని రైతులు ఉన్నందువల్లనే.

అందుచేత కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం మూడు మాటలు. మొదటిది, వృక్షశాస్త్ర ప్రయోగశాలలో ఒక అల్మారా, కొన్ని మూత గట్టి సీసాలు, ఒక రిజిస్టరు కేటాయించవలెను. ప్రతి విద్యార్థి తన ఊరి నుండి ఒక పాత విత్తనాన్ని, దాని పేరును, ఏ తెగులుకు అది తట్టుకునేదో పెద్దలు చెప్పిన మాటను తెచ్చి అందులో చేర్చవలెను. విత్తనం సీసాలో ఎల్లకాలం బ్రతుకదు గనుక కళాశాల ఆవరణలో కొద్దిపాటి మడిలో కొన్నింటినైనా వంతులవారీగా మొలకెత్తించి తిరిగి విత్తనం కట్టవలెను. రెండవది, ఈ నవీన జీవశాస్త్ర పదాలకు తెలుగులోను ఉర్దూలోను ఒక చిన్న పదకోశం మన అధ్యాపకులే సిద్ధం చేయవలెను. రోగనిరోధక శక్తిని ఉర్దూలో ఖువ్వతె ముదాఫియత్ అంటారు. అందులో కోటను కాపాడే ధ్వని ఉన్నది. రెండు భాషల విద్యార్థులు ఒకరి మాట నుండి ఒకరు అర్థం గ్రహించే అవకాశం మన కళాశాలకున్నంతగా ఎన్నింటికి ఉన్నది? మూడవది, ఏటా ఒకమారు విద్యార్థులను హైదరాబాదులోని పరిశోధనాలయాల సందర్శనకు పంపవలెను. ఇవన్నీ కలిపినా వార్షికోత్సవపు పందిరి ఖర్చుకు మించవని మా అంచనా.

విద్యార్థులారా! మీలో కొందరిని గూర్చి కూడా లోకం తొందరపడి ఏదో ఒక పేరు పెట్టి ఉండవచ్చును. పరీక్షలో ఒకసారి తప్పినంత మాత్రాన, ఇంగ్లీషు తడబడినంత మాత్రాన పనికిరారని ఎవరైనా అని ఉండవచ్చును. చలన మూలకాల చరిత్ర మీకు వట్టి ఓదార్పు మాట చెప్పదు; తావు మారితే, ఆ తావులో అవసరం కలిగితే, పనిలేనిదనుకున్నది కావలి కాయగలదని మాత్రం చెబుతుంది. మెక్లింటాక్ ముప్పది రెండేళ్ళు వేచి ఉన్నారు. మీరు ఈ వానాకాలం మీ ఇంటి అటక మీది పాత గాదెలో చేయి పెట్టి చూడండి. అడుగున పేరు మరచిన గింజలు నాలుగు దొరికితే, పారవేయక కాగితంలో పొట్లం కట్టి తీసుకొని రండి. వాటి విలువ ఎంతన్నది తరువాత విచారిద్దాము.